ఎక్స్‌టెన్షన్ నేలకి వేడి: నీళ్ల పైపులా, కరెంటు కేబులా? ఇంగ్లండ్‌లో ఇల్లు పెంచుకునే వాళ్లకి సమగ్ర మార్గదర్శి

రెడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్ లాంటి ఊళ్లలో మనవాళ్లు కొనుక్కునే ఇళ్లలో సెమీలు (ఒక గోడ పక్కింటితో కలిసి ఉండే జంట ఇళ్లు) చాలా ఎక్కువ. పిల్లలు పెద్దవుతుంటే కిచెన్ ఇరుకైపోయిందని గార్డెన్ వైపు మూడు మీటర్లు పెంచుతారు. సెమీకి మామూలుగా ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేకుండా వెళ్లగలిగే దూరం అంతే. పని మొదలైన కొన్నాళ్లకి బిల్డర్ అడుగుతాడు, "అండర్‌ఫ్లోర్ హీటింగ్ నీళ్లదా, కరెంటుదా?" అని. అంటే నేల కింద వేడి నీళ్ల పైపులు పరిచి గదిని వెచ్చబరచాలా, కరెంటు కేబుల్ పరిచా అని. టైల్స్ కొనేటప్పుడు చూద్దాంలే అని ఆ ప్రశ్నని పక్కన పెట్టేస్తారు. చిక్కంతా అక్కడే వస్తుంది. నేల ఎంత లోతు తవ్వాలి, ఇన్సులేషన్ ఎంత మందం వేయాలి, గార్డెన్ తలుపు గడప ఏ ఎత్తులో ఉండాలి అనేవన్నీ ఈ జవాబు మీదే ఆధారపడి ఉంటాయి. స్లాబ్ పోసేశాక మిగిలినదానితో సర్దుకోవడమే తప్ప ఎంచుకునేది పెద్దగా ఉండదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్తగా స్లాబ్ పోస్తున్న చోట, పొద్దున్నించి రాత్రి దాకా మనుషులు తిరిగే కిచెన్-డైనింగ్ అయితే నీళ్ల పద్ధతి వేయించండి. నేల తవ్వే అవకాశం లేని చోట, రోజుకి గంటో రెండు గంటలో వాడే బాత్రూమ్ లాంటి చోట కరెంటు కేబుల్ వేయించండి. మీ ఇంటికి ఈ మాట వర్తిస్తుందో లేదో తేల్చుకోవడానికి కింద ఒక్కో మెట్టూ రాశాను. ఇందులో చెప్పిన నిబంధనలు ఇంగ్లండ్‌వి. స్కాట్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లకి వేరుగా ఉంటాయి.

1. గది ఎంత వేడి పోగొట్టుకుంటుందో లెక్క కట్టండి

దీన్నే హీట్ లాస్ లెక్క అంటారు. ఈ లెక్క చూపించకుండా ఇచ్చే కొటేషన్‌ని నేనైతే పక్కన పెడతాను. కాగితం మీద పావుగంటలో మీరే వేసుకోవచ్చు. ప్రతి గోడ, కప్పు, నేల, తలుపు వైశాల్యాన్ని దాని యూ-వాల్యూతో గుణించాలి. యూ-వాల్యూ అంటే లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు నుంచి ఎన్ని వాట్ల వేడి పోతుందో చెప్పే అంకె. 2022 జూన్ నుంచి అమల్లో ఉన్న పార్ట్ ఎల్ (భవన నిబంధనల్లో ఇంధన పొదుపు భాగం) ప్రకారం ఎక్స్‌టెన్షన్‌లో కొత్త గోడకీ నేలకీ 0.18, కప్పుకి 0.15, కిటికీలకీ గాజు తలుపులకీ 1.4, రూఫ్‌లైట్‌కి (కప్పులో పెట్టే కిటికీ) 2.2 దాటకూడదు.

ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు, 2.4 మీటర్ల ఎత్తు ఉన్న గదిని తీసుకుందాం. వెనక నాలుగు మీటర్ల బైఫోల్డ్ తలుపులు (మడిచి పక్కకి నెట్టే గాజు తలుపులు), కప్పులో రెండు చదరపు మీటర్ల రూఫ్‌లైట్ ఉన్నాయి.

గోడలు: 20.4 చ.మీ. × 0.18 = 3.7 వాట్లు
బైఫోల్డ్: 8.4 చ.మీ. × 1.4 = 11.8 వాట్లు
కప్పు: 16 చ.మీ. × 0.15 = 2.4 వాట్లు
రూఫ్‌లైట్: 2 చ.మీ. × 2.2 = 4.4 వాట్లు
నేల: 18 చ.మీ. × 0.18 = 3.2 వాట్లు
గంటకోసారి గదిలో గాలి మారుతుందనుకుంటే: దాదాపు 14 వాట్లు

అన్నీ కలిపితే డిగ్రీకి సుమారు 40 వాట్లు. బయట మైనస్ 3, లోపల 21 ఉండాలనుకుంటే తేడా 24 డిగ్రీలు. అంటే గదికి కావాల్సింది 960 వాట్లు, అంతే. కొత్త ఎక్స్‌టెన్షన్‌కి ఒక కిలోవాట్ సరిపోతుందంటే చాలామంది నమ్మరు. పై అంకెల్లో గాజు వాటా కూడా గమనించండి. మొత్తం వేడిలో 40 శాతం తలుపుల నుంచీ రూఫ్‌లైట్ నుంచే పోతోంది.

ఇప్పుడు నేల ఆ వేడి ఇవ్వగలదా అని చూడాలి. 18 చదరపు మీటర్లలో కిచెన్ యూనిట్లు, ఐలండ్, ఫ్రిజ్ కింద పైపులు గానీ కేబుల్ గానీ వేయరు. మిగిలేది 13 అనుకుందాం. 960ని 13తో భాగిస్తే చదరపు మీటరుకి 74 వాట్లు. గది గాలి కంటే నేల ఒక డిగ్రీ వెచ్చగా ఉంటే చదరపు మీటరుకి సుమారు 11 వాట్లు ఇస్తుంది. కాబట్టి నేల పైభాగం 28 డిగ్రీల లోపే ఉంటే సరిపోతుంది. మనుషులు తిరిగే చోట 29 డిగ్రీలు దాటకూడదని యూరప్ ప్రమాణం ఈఎన్ 1264 చెబుతుంది. మన గది ఆ హద్దులోనే ఉంది. అదే వెనక గోడంతా గాజు పెట్టి, పైన పెద్ద లాంతర్న్ (కప్పు మీద లేచి ఉండే గాజు గూడు) కూడా పెట్టిస్తే లెక్క హద్దు దాటొచ్చు. అప్పుడు ఏ పద్ధతి వేసినా నేల ఒక్కటే చాలదు. ఒక రేడియేటరో, కిచెన్ యూనిట్ అడుగున పెట్టే ప్లింత్ హీటరో తోడు ఉండాలి.

2. నేల కింద ఏం వస్తుందో పొర పొరగా గీయించండి

కరెంటు మ్యాట్ (జాలీకి కేబుల్ అంటించి వచ్చే చాప) మందం మూడు నాలుగు మిల్లీమీటర్లే కదా, పని సులువు అంటారు. పాత నేల మీద వేసేటప్పుడు అది నిజమే. కొత్త ఎక్స్‌టెన్షన్‌లో మాత్రం ఆ లాభం దాదాపు ఉండదు. నేల యూ-వాల్యూ 0.18కి రావాలన్న నియమం హీటింగ్ ఏదైనా ఒకటే కాబట్టి, ఇన్సులేషన్ ఎలాగూ వేయాలి. దాని మీద స్క్రీడ్ (టైల్స్ కింద మట్టంగా పోసే పొర) కూడా ఎలాగూ పోయాలి. ఆ స్క్రీడ్‌లోనే నీళ్ల పైపులు ఇమిడిపోతాయి. ఎంపిక మొత్తాన్ని తేల్చే సంగతి నా దృష్టిలో ఇదే.

మామూలుగా కింద నుంచి పైకి 150 మి.మీ. హార్డ్‌కోర్ (గట్టిగా దిమ్మిసకొట్టిన రాతి ముక్కలు), ఇసుక పలచగా, తేమ రాకుండా డీపీఎం షీట్, 100 మి.మీ. కాంక్రీట్ స్లాబ్, 100 నుంచి 150 మి.మీ. పీఐఆర్ బోర్డు (గట్టి ఫోమ్ ఇన్సులేషన్), దాని మీద పాలిథీన్, పైపులు, 65–75 మి.మీ. స్క్రీడ్, టైల్ వస్తాయి. అంటే పూర్తయిన నేల మట్టం నుంచి దాదాపు అర మీటరు కిందకి తవ్వాలి. పాత ఇంటి నేల మట్టానికి కొత్త టైల్ పైభాగం కలవాలి కాబట్టి ఈ లెక్క పైనుంచి కిందకి వేయించండి. గోడ చుట్టూ నిలువుగా పెట్టే ఎడ్జ్ ఇన్సులేషన్ స్ట్రిప్ డ్రాయింగ్‌లో ఉందో లేదో చూడండి. అది మరిచిపోతే వేడి పక్క గోడల్లోకి జారిపోతుంది, స్క్రీడ్ వ్యాకోచించడానికి చోటు కూడా ఉండదు.

పాత కిచెన్‌కీ కొత్త గదికీ మధ్య గోడ తీసేసి ఒకటే హాలు చేస్తుంటే ఇంకో మాట. పాత సగం కింద ఇన్సులేషన్ లేని పాత కాంక్రీటో, చెక్క జోయిస్టులో (నేల పలకల్ని మోసే దూలాలు) ఉంటాయి. జోయిస్టులైతే వాటి మధ్య ఇన్సులేషన్, అల్యూమినియం ప్లేట్లు పెట్టి పైపులు వేయొచ్చు. పాత కాంక్రీటైతే మూడు దారులు: తవ్వి మళ్లీ వేయడం, 15–20 మి.మీ. మందం ఉండే గాడుల బోర్డుల్లో సన్న పైపులు వేయడం, లేదా ఆ సగంలో ఉన్న రేడియేటర్‌ని అలాగే ఉంచడం. ఖర్చు చూసుకుంటే మూడోదే చాలా ఇళ్లకి సరిపోతుంది.

3. వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

నీళ్ల పద్ధతికి ఉన్న పెద్ద బలం, ఏ ఇంధనమైనా దానికి ఒకటే. ఇవాళ గ్యాస్ బాయిలర్, రేపు హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని కరెంటుతో లోపలికి తెచ్చే యంత్రం), పైపులు మారవు. టైల్ నేలకి 38–40 డిగ్రీల నీళ్లు చాలు. హీట్ పంప్ బాగా పనిచేసేది ఇలా తక్కువ వేడి నీళ్లతోనే. ఇంగ్లండ్, వేల్స్‌లో గ్యాస్ బాయిలర్ తీసి ఎయిర్ సోర్స్ హీట్ పంప్ పెడితే బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ కింద 7,500 పౌండ్ల గ్రాంటు ఉంది. పని ఎంసీఎస్ (ఇలాంటి పనులకి ఇచ్చే నాణ్యతా గుర్తింపు) సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్టాలర్ చేయాలి. బాయిలర్ పాతబడి ఉంటే ఈ రెండు నిర్ణయాలూ కలిపి తీసుకోండి.

బాయిలర్ ఉంచుకుంటున్న వాళ్లకి ఒక హెచ్చరిక. మీ కాంబీ బాయిలర్ (హీటింగ్‌కీ కుళాయికీ ఒకటే బాయిలర్) 30 కిలోవాట్లది అనుకోండి. అది తగ్గగలిగినంత తగ్గినా మూడు నుంచి ఆరు కిలోవాట్ల దగ్గర ఆగిపోతుంది. మన గదికి కావాల్సింది ఒక్క కిలోవాటే. ఎక్స్‌టెన్షన్ ఒక్కటే వేడి అడిగినప్పుడు బాయిలర్ వెలగడం, నిమిషాల్లో ఆగడం, మళ్లీ వెలగడం ఇలా కొట్టుకుంటుంది. గ్యాస్ ఎక్కువ కాలుతుంది, బాయిలర్ ఆయుష్షూ తగ్గుతుంది. "తక్కువ లోడ్ దగ్గర మా బాయిలర్ ఏం చేస్తుంది?" అని ఇన్‌స్టాలర్‌ని అడగండి. మాన్యువల్ తీసి మినిమం అవుట్‌పుట్ చూసి జవాబు చెప్పేవాడు పని తెలిసినవాడు. రేడియేటర్లు నడిచే సమయాల్లోనే నేలనీ వేడెక్కించడం, కిందికి బాగా తగ్గగలిగే బాయిలర్ తీసుకోవడం, వేడి నీళ్లు కాస్త నిలవ ఉంచే చిన్న బఫర్ ట్యాంకు పెట్టడం దీనికి ఉన్న దారులు.

కరెంటు కేబుల్‌కి ఈ బాధలేవీ లేవు. 13 చదరపు మీటర్లకి, చదరపు మీటరుకి 150 వాట్ల చొప్పున 1,950 వాట్లు, అంటే ఎనిమిదిన్నర ఆంపియర్లు. ఒక 16 ఆంపియర్ల థర్మోస్టాట్ చాలు. కాకపోతే కొత్త కిచెన్‌లో ఇండక్షన్ హాబ్, ఓవెన్, బయట కారు చార్జర్ కూడా ఉంటే మెయిన్ ఫ్యూజ్ 60 ఆంపియర్లదా, 100దా అని ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

4. బిల్లు పక్కపక్కన పెట్టుకోండి

2025లో ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ పెట్టిన ప్రైస్ క్యాప్ (ధర పరిమితి) ప్రకారం కరెంటు యూనిట్ సుమారు 25–27 పెన్నీలు, గ్యాస్ 6–7 పెన్నీలు. కరెంటు దాదాపు నాలుగు రెట్లు. మన గదికి చలికాలం మొత్తానికి 2,000 యూనిట్ల వేడి కావాలనుకుందాం. యూనిట్ 26 పెన్నీల చొప్పున కరెంటు కేబుల్‌తో 520 పౌండ్లు. గ్యాస్ 6.5 పెన్నీలు, బాయిలర్ సామర్థ్యం 90 శాతం అనుకుంటే 145 పౌండ్ల లోపు. ఒక యూనిట్ కరెంటుకి మూడున్నర యూనిట్ల వేడి ఇచ్చే హీట్ పంప్‌తో దాదాపు 150 పౌండ్లు. అంటే ఏడాదికి 370 పౌండ్ల తేడా. నీళ్ల పద్ధతి కొటేషన్ ఎంత ఎక్కువ వచ్చిందో చూసి ఈ తేడాతో భాగిస్తే ఎన్నేళ్లలో తిరిగొస్తుందో తెలిసిపోతుంది.

గది చిన్నదైతే ఈ లెక్క తిరగబడుతుంది. మానిఫోల్డ్ (నీళ్లని ఒక్కో పైపుకీ పంచే అమరిక), పంపు, మిక్సింగ్ వాల్వ్ (నీళ్ల వేడిని తగ్గించి పంపేది), వైరింగ్ ఖర్చు నాలుగు చదరపు మీటర్లకైనా ముప్ఫైకైనా దాదాపు ఒకటే. రెండు చదరపు మీటర్ల ఖాళీ ఉన్న షవర్ రూమ్‌లో కరెంటు మ్యాట్ 300 వాట్లు తీసుకుంటుంది. రోజుకి మూడు గంటలు నడిపినా పావు పౌండు లోపే. అక్కడ నీళ్ల పైపులు లాగడం అనవసరం.

సోలార్ ఉంది కాబట్టి కరెంటు ఫ్రీ అనే వాళ్లూ ఉంటారు. ఇక్కడ సోలార్ దండిగా వచ్చేది మే నుంచి ఆగస్టు దాకా. నేల వెచ్చగా కావాల్సింది డిసెంబర్, జనవరిల్లో. రాత్రి చౌక టారిఫ్ ఉంటే మాత్రం ఆలోచించొచ్చు. అప్పుడు కేబుల్ టైల్ కింద పలచగా కాకుండా మందపాటి స్క్రీడ్‌లో ఉండాలి, రాత్రి పట్టిన వేడి పగలు వదిలేలా.

5. మీరు ఆ గదిలో ఎలా ఉంటారో ఆలోచించండి

ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు మన ఇళ్లని దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు. మనం చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తాం. కింద కూర్చుని కూరగాయలు తరుగుతాం, పూజ చేస్తాం, పండక్కి నలుగురొస్తే బంతి భోజనానికి కిందే కూర్చుంటాం. అందుకే వెచ్చని నేల మనకి విలాసం కాదు, రోజూ అక్కరకొచ్చేది. చలికాలంలో అమ్మానాన్నలు వచ్చి ఉంటే, వాళ్లు పొద్దున్నే లేచి కాఫీ పెట్టుకునే చోటు ఇదే.

అదే అలవాట్లు కరెంటు కేబుల్‌కి గండం కూడా కావచ్చు. చుట్టాలొచ్చినప్పుడు హాల్లో పరుపులు వేస్తాం. మూలన ఇరవై కిలోల బియ్యం బస్తాలు రెండు పడుకోబెడతాం. కేబుల్ ఎప్పుడూ తన వాట్లు తాను ఇస్తూనే ఉంటుంది. పైన పరుపో బస్తానో ఉంటే ఆ వేడి బయటికి పోలేక అక్కడే పేరుకుంటుంది. నేల సెన్సర్ గదిలో వేరే చోట ఉంటుంది కాబట్టి దానికి ఈ సంగతి తెలియదు. టైల్ జిగురు పగలొచ్చు, కేబుల్ కాలిపోవచ్చు. నీళ్ల పైపులో ఈ ప్రమాదం లేదు. లోపల నీళ్లు 40 డిగ్రీలైతే ఎంత కప్పినా నేల అంతకంటే వేడెక్కదు. కరెంటుది వేయించుకుంటే బియ్యం డబ్బాని కాళ్లున్న స్టాండు మీద పెట్టండి, పరుపులు వేసిన రాత్రి హీటింగ్ ఆపేయండి.

వేగం సంగతీ చూడాలి. ఇన్సులేషన్ బోర్డు మీద వేసిన కరెంటు మ్యాట్ అరగంట నుంచి గంటలో నేలని వెచ్చబరుస్తుంది. స్క్రీడ్‌కి కొన్ని గంటలు పడుతుంది. ఇద్దరూ ఆఫీసుకెళ్లి సాయంత్రం ఆరుకి వచ్చి పదింటికి పైకెళ్లిపోయే ఇల్లయితే స్క్రీడ్ నెమ్మదితనం కొంచెం చిరాకే. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరుంటే అది వరం, ఒకసారి వేడెక్కాక నిలకడగా ఉంటుంది.

ఇక నేల మీద పరిచేది. టైల్, రాయి అన్నిటికంటే మేలు. ఇంజనీర్డ్ వుడ్, వినైల్ వేస్తే పైభాగం 27 డిగ్రీలు దాటకుండా సెన్సర్ పెట్టించండి. కార్పెట్ వేయాల్సి వస్తే అండర్‌లేతో కలిపి 2.5 టాగ్ (వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) మించకూడదు.

6. నీళ్లదని తేలితే పని ఇలా చేయించండి

పైపు 16 మి.మీ. పెక్స్ లేదా పీఈ-ఆర్‌టీ రకం ప్లాస్టిక్. వరసల మధ్య 150 మి.మీ. ఎడం ఉంటే చదరపు మీటరుకి దాదాపు 6.7 మీటర్ల పైపు పడుతుంది. మన 13 చదరపు మీటర్లకి 87 మీటర్లు. ఒక లూప్ (మానిఫోల్డ్ నుంచి వెళ్లి తిరిగి అక్కడికే వచ్చే ఒక పైపు) వంద మీటర్లు దాటకూడదు, 87 ఆ లోపే కాబట్టి ఒకటే వేసేద్దామంటారు. రెండు లూపులు వేయించండి. పంపు మీద భారం తగ్గుతుంది, గాజు తలుపుల వైపు లూపుకి నీళ్లు కాస్త ఎక్కువ ఇచ్చుకోవచ్చు. స్క్రీడ్ లోపల ఎక్కడా జాయింట్ ఉండకూడదు. పాత, కొత్త స్లాబులు కలిసే చోట పైపు మీద స్లీవ్ (రక్షణ గొట్టం) తొడగాలి.

పైపులు పరిచిన రోజు మీరు సైట్‌లో ఉండండి. ప్రతి మూల నుంచీ ఫొటోలు తీయండి, ఫ్రేములో కొలత టేపు కనిపించేలా. రేపు ఐలండ్‌ని నేలకి బిగించాలన్నా, తలుపుకి డోర్‌స్టాప్ కొట్టాలన్నా ఈ ఫొటోలే దిక్కు. తర్వాత ప్రెషర్ టెస్ట్. నాలుగు నుంచి ఆరు బార్ల ఒత్తిడి పెట్టి, స్క్రీడ్ పోస్తున్నంతసేపూ గేజ్ అలాగే ఉంచాలి. స్క్రీడ్ పోసేవాళ్ల వీల్‌బారో చక్రమో పారో తగిలి పైపు తెగితే ముల్లు వెంటనే పడిపోతుంది, తడి స్క్రీడ్‌లోనే సరిచేసేయొచ్చు. గేజ్ తీసేసి పోస్తామంటే ఒప్పుకోకండి.

స్క్రీడ్ ఆరడంలో ఓపిక పట్టాలి. సిమెంట్ స్క్రీడ్ మొదటి 50 మి.మీ. రోజుకి మిల్లీమీటరు చొప్పున ఆరుతుంది, ఆ పైన మిల్లీమీటరుకి రెండు రోజులు. 70 మి.మీ.కి మూడు నెలలు. లిక్విడ్ యాన్‌హైడ్రైట్ స్క్రీడ్ (సిమెంట్ బదులు జిప్సం లాంటి పదార్థంతో పలచగా పోసేది) అయితే 50 మి.మీ. చాలు, పైపుల్ని బాగా చుట్టుకుంటుంది కూడా. కానీ టైల్స్ వేసే ముందు దాని పైపొర గీకించి, సరైన ప్రైమర్ వేయించాలి. లేకపోతే సిమెంట్ జిగురు దానితో పడక టైల్స్ లేచిపోతాయి. హీటింగ్ మొదటిసారి పెట్టేది సిమెంట్ స్క్రీడ్‌కి 21 రోజుల తర్వాత, యాన్‌హైడ్రైట్‌కి ఏడు రోజుల తర్వాత. మూడు రోజులు 25 డిగ్రీల నీళ్లు, ఆ తర్వాత డిజైన్ వేడిలో నాలుగు రోజులు నడపాలి. టైల్స్ వాడు తొందరపెట్టినా తేమ మీటరు చూశాకే రమ్మనండి.

మానిఫోల్డ్ మీద చిన్న చిన్న పారదర్శక గొట్టాలు ఉంటాయి, అవే ఫ్లో మీటర్లు. మన గదికి ఒక్కో లూపులో నిమిషానికి సుమారు ఒక లీటరు పారాలి. ఇన్‌స్టాలర్ వెళ్లే ముందు ఆ అంకెలు మీకు చూపించి, కాగితం మీద రాసి ఇవ్వాలి. మానిఫోల్డ్‌ని మెట్ల కిందో, యుటిలిటీలోనో చేయి పట్టే చోట పెట్టించండి.

7. కరెంటుదని తేలితే

కేబుల్ కింద ఇన్సులేషన్ బోర్డు తప్పనిసరి. ఆరు మిల్లీమీటర్లదైనా సరే, పది అయితే ఇంకా మంచిది. అది లేకుండా పాత కాంక్రీటు మీద మ్యాట్ వేస్తే మీరు డబ్బు కట్టి భూమిని వేడి చేస్తున్నట్టే. మ్యాట్ కొనేటప్పుడు గది వైశాల్యం కాకుండా ఖాళీ నేల వైశాల్యం ఇవ్వండి, అదీ కొంచెం తక్కువగా. మిగిలిన కేబుల్‌ని కత్తిరించకూడదు, ఒకదాని మీద ఒకటి పరచకూడదు. కింద జాలీని మాత్రమే కోసి తిప్పుకోవాలి.

సెన్సర్‌ని రెండు కేబుల్ వరసల సరిగ్గా మధ్యలో, చిన్న గొట్టంలో పెట్టించండి. చెడిపోతే లాగి మార్చుకోవచ్చు. ఇక మూడుసార్లు మీటరుతో కేబుల్ రెసిస్టెన్స్ కొలవాలి. డబ్బా విప్పగానే ఒకసారి, నేల మీద పరిచాక ఒకసారి, టైల్స్ అయ్యాక ఒకసారి. 1,500 వాట్ల మ్యాట్ అయితే 230 వోల్టుల దగ్గర రెసిస్టెన్స్ దాదాపు 35 ఓమ్‌లు చూపించాలి. మూడు అంకెలూ లేబుల్ మీద ఇచ్చిన పరిధిలో ఉండాలి, గ్యారంటీ కార్డులో రాయించాలి. ఆ రాత లేకపోతే తర్వాత క్లెయిమ్ నిలబడదు. సర్క్యూట్‌కి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. కొత్త సర్క్యూట్ పార్ట్ పీ (భవన నిబంధనల్లో ఇళ్ల కరెంటు పనుల భాగం) కిందకి వస్తుంది కాబట్టి రిజిస్టర్ అయిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

8. కొటేషన్లు, మొదటి చలికాలం

ప్రతి కొటేషన్‌లోనూ హీట్ లాస్ లెక్క, పైపు లేఅవుట్ డ్రాయింగ్, ఇన్సులేషన్ రకం, మందం, కంట్రోల్స్, ప్రెషర్ టెస్ట్, కమిషనింగ్ (మొదటిసారి నడిపి సరిచూసి అప్పగించడం) విడివిడిగా రాయమనండి. "అండర్‌ఫ్లోర్ మొత్తం ఇంత" అని ఒకే లైనులో ఇస్తే వెనక్కి పంపండి. బిల్డర్, ప్లంబర్, స్క్రీడ్ వేసేవాళ్లు వేరువేరు మనుషులైతే ఎడ్జ్ స్ట్రిప్, పాలిథీన్ ఎవరు వేస్తారో పేరుతో సహా రాయించుకోండి. ఇద్దరి మధ్య జారిపోయేవి అవే. ఎక్స్‌టెన్షన్‌కి విడిగా థర్మోస్టాట్, టైమర్ ఉండాలి.

మొదటి చలికాలంలో స్క్రీడ్ నేలని రేడియేటర్‌లా ఆన్, ఆఫ్ చేయకండి. రాత్రి రెండు మూడు డిగ్రీలు తగ్గించి వదిలేయండి, తెల్లవారేసరికి తేరుకుంటుంది. అక్టోబర్‌లో మిక్సింగ్ వాల్వ్‌ని 35 దగ్గర పెట్టి మొదలుపెట్టండి, చలి ముదిరి గది 21కి రాకపోతేనే రెండేసి డిగ్రీలు పెంచుతూ పోండి. గది ఎంత తక్కువ నీటి వేడితో నిలబడితే బాయిలర్ అయినా హీట్ పంప్ అయినా అంత పొదుపుగా నడుస్తుంది. పైపుల ఫొటోలు, ప్రెషర్ టెస్ట్ కాగితం, ఎలక్ట్రికల్ సర్టిఫికెట్, బిల్డింగ్ కంట్రోల్ (పని నిబంధనల ప్రకారం ఉందో లేదో చూసేవాళ్లు) ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల సొలిసిటర్ ఆ సర్టిఫికెట్లు అడుగుతారు.